పరీక్ష పాసైతేనే ట్యూనా

మార్కాపురంలో చేపలమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. డబ్బులిస్తే చేపనిస్తారు. శ్యాంసన్ ఒక్కడే డబ్బులు తీసుకునే ముందు పరీక్ష పెడతాడు.

కంభం రోడ్డులో ఆయన రేకుల కొట్టు ముందు ఒక పలక వేలాడుతుంటుంది. మిగతా కొట్లవాళ్ళు పలక మీద ధర రాస్తారు. ఈయన మాత్రం 'ప్రశ్నకు జవాబు చెప్పినవారికి ఒక ముక్క బహుమానం' అని రాశాడు. చెప్పలేనివారి గతి ఏమిటో రాయలేదు. వాళ్ళకు జవాబు శ్యాంసనే చెబుతాడు. అది పూర్తయ్యేదాకా కత్తి కదలదు.

ప్రశ్నలన్నీ ఒకే చేప మీద. ఆయన అమ్మేది కూడా అదొక్కటే, ట్యూనా. "కొరమీను లేదా?" అని ఎవరైనా అడిగితే, పెళ్ళికొచ్చి పక్కింటి పెళ్ళికూతుర్ని మెచ్చుకున్నట్టు బాధపడతాడు.

ఆయనది గిద్దలూరు దగ్గర పల్లె. సముద్రమంటే బడి పుస్తకంలో చూసిందే. పంతొమ్మిదో ఏట తాపీ పనికని వైజాగ్ పోయి, అన్నం బాగా వండుతాడని ఎవరో చెబితే, లోతు సముద్రానికి పోయే పెద్ద పడవలో వంటవాడిగా ఎక్కాడు. ఎనిమిది రోజులు తిన్నది తిన్నట్టే కక్కాడు. తొమ్మిదో రోజు, మనిషంత ట్యూనా ఒకటి గాలానికి తగిలి పైకొచ్చింది. నీలం వీపు, వెండి పొట్ట, కొడవలిలాంటి పసుపుపచ్చ రెక్కలు. ఆ రోజు నుంచి వాంతులు ఆగాయి, మాటలు మొదలయ్యాయి. ఇరవై ఏళ్ళు పడవల్లో పనిచేసి ఊరికి దగ్గరగా వచ్చాడు. మాటలు మాత్రం ఆగలేదు.

నేను ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. పేరు ఏడుకొండలు. ఎక్కువ మాట్లాడేవాడు తక్కువ పని చేస్తాడని నా లెక్క. మొదటిసారి ఆయన డీప్ ఫ్రీజర్ చూడ్డానికి పోయినప్పుడు మూత మీద చెయ్యి వేయబోతే ఆపాడు.

"ఆగు కొండలన్నా. ఈ చేప ఒళ్ళు సల్లగా ఉంటాదా, వెచ్చగా ఉంటాదా?"

"చేప గదబ్బా, సల్లగానే ఉంటాది."

"తప్పు!"

గ్యాస్ సిలిండర్ చేత్తో పట్టుకొని ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ట్యూనా ఒళ్ళు చుట్టూ ఉన్న నీళ్ళకన్నా వెచ్చగా ఉంటుందట. గాలానికి పడి పెనుగులాడితే ఇంకా వేడెక్కుతుందట. పైకి లాగిన నిమిషాల్లో తల మీద ఒకే పోటు పొడిచి, రెక్క కింద కోసి రక్తం కార్చి, పొట్ట తీసి, ఐసులో పెట్టకపోతే ఆ వేడికి మాంసం లోపలే ఉడికినట్టు పాలిపోతుందట. వినగా వినగా నాకు విషయం అర్థమైంది. ఆయన ఫ్రీజర్‌లో తప్పేమీ లేదు. ఒకేసారి పెద్ద చేపలన్నీ కుక్కుతున్నాడు. మధ్యలో చల్లగాలి తిరిగే సందు లేదు. చెప్పాను. వెంటనే చేపలన్నీ తీసి ఎడం ఎడంగా సర్దాడు. అప్పుడు చూశాను ఆయన చేతులు. వెన్నెముక పక్కన కత్తి పెడితే ఒక్క పొల్లు గీత ఉండదు. నా లెక్క ఆ రోజే మార్చుకున్నాను.

ఆదివారం ఉదయం ఆ కొట్టు ముందు గుంపు చూడాలి. చేప కోసం సగం మంది, ఎదుటివాడు ఫెయిలవుతుంటే చూడ్డానికి సగం మంది. ఒకసారి కాలేజీలో జువాలజీ చెప్పే లెక్చరర్ ధీమాగా వచ్చాడు.

"సార్, ట్యూనాకు ఏసే గాలాల తాడు ఎంత పొడుగు?"

"అది సిలబస్‌లో లేదు."

"ముప్పై నలభై కిలోమీటర్లు సార్. ఇక్కడ పట్టుకుంటే ఆ కొస కంభం దాటతాది. దానికి వెయ్యి గాలాలు. తెల్లారి నుంచి గుంజితే పొద్దుగూకుతాది. అన్నిటికీ పడేది పదో పదిహేనో." పాపం, లెక్చరర్ చేత నోట్సు రాయించినంత పని చేశాడు.

అందరికన్నా ఎక్కువసార్లు ఫెయిలైంది రంగయ్య. తర్లుపాడు దగ్గర మిరప తోటలున్న పెద్ద రైతు, అంతకన్నా పెద్ద గొంతు.

"రంగయ్య మామా, ట్యూనా ఎప్పుడు పండుకుంటాది?"

"నాకేం ఎరుకబ్బా? మా ఇంట్లో మీ అత్త ఎప్పుడు పండుకుంటాదో నాకే తెలీదు."

"అస్సలు ఆగదు మామా. నోరు తెరుసుకొని ఈదుతానే ఉంటాది. ఈదితేనే మొప్పల్లోకి నీళ్ళు పోయి ఊపిరాడతాది. ఆగితే సచ్చిపోతాది."

"నోరు మూస్తే సస్తాదా? అయితే అది నీ చుట్టమే! కేజీ కొట్టియ్యి, ఇంకొంచేపు నిలబడితే నేను సస్తా."

వారం తప్పకుండా వస్తాడు. వారం తప్పకుండా తిడతాడు.

ఇక ఎలీషబా. మిరపకాయల కోతకూ పలకల గనికీ కూలికి పోతుంది. వారానికి పావుకేజీ కొంటుంది. ఆమె వంతు రాగానే శ్యాంసన్ గొంతు సర్దుకుంటాడు.

"ఎలీషబక్కా, బాగా ఆలోచించి చెప్పు. ట్యూనా నీళ్ళల్లో ఉంటాదా, చెట్టు మీద ఉంటాదా?"

"నీళ్ళల్లో," అంటుంది ఆమె, నవ్వకుండా.

"కరెక్ట్!" కత్తి వెనక్కి తిప్పి చెక్క మీద టక్కున కొట్టి, పొట్లం అందిస్తాడు.

ఒక ఆదివారం లోపల ఫ్రీజర్ దగ్గర కూర్చుని పని చేస్తున్నాను. ఎలీషబా ఇంకా వీధి మలుపు దగ్గరే ఉంది. ఇక్కడ బహుమానం పొట్లం అప్పటికే కట్టి ఉంది. బహుమానం ఒక ముక్క కదా, పొట్లంలో అరకేజీ పైనే ఉంది. అంతా వెన్ను పక్కనుండే నల్లెరుపు కండ.

"ప్రశ్న అడక్కముందే పాసు చేసినావేంది?" అన్నాను.

శ్యాంసన్ గొంతు తగ్గించాడు. ఆ మనిషి గొంతు తగ్గుతుందని నాకప్పటిదాకా తెలియదు.

"ఆమె బిడ్డ దీవెన ఇంటర్ సదువుతాంది. కాలేజీలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది. రక్తం ఏడు పాయింట్లే ఉందంట. మందులతో పాటు మాంసం, చేప పెట్టమన్నాడు డాక్టరు. ఈ కండలో ఉన్నంత రక్తబలం ఏ చేపలోనూ ఉండదన్నా, ఆగకుండా ఈదేది ఈ కండతోనే. ఊరికే ఇస్తే అక్క తీసుకోదు. చర్చిలో బియ్యం ఇస్తే మర్నాడే తెచ్చి పెట్టింది."

"అందుకని ఊరందరికీ పరీక్షా?"

"ముందునుంచీ అందరికీ చెప్పేదే గదన్నా. ప్రశ్నా బహుమానమూ ఆర్నెల్ల కిందట కలిపినా."

ఒక్క మనిషికి ఒక పొట్లం ఇవ్వడానికి మార్కాపురం మొత్తాన్ని బెంచీ ఎక్కించాడన్నమాట.

ఆ రోజే గొడవ జరిగింది. రంగయ్యను 'ఆడ చేప ఒక్క విడతకు ఎన్ని గుడ్లు పెడుతుంది' అని అడిగాడు. రంగయ్య "రెండొందలు" అన్నాడు. లక్షల్లో పెడుతుందని విని, తల పట్టుకొని పక్కకు జరిగాడు. తర్వాతి వంతు ఎలీషబాది.

"అక్కా, చేపకు తోక ముందుంటాదా, వెనకుంటాదా?"

"వెనక," అంది ఆమె, పొట్లం చేతికొచ్చింది. రంగయ్య అంతెత్తున లేచాడు. "ఏంది శ్యాంసన్ ఇది? నాకేమో గుడ్లు లెక్కపెట్టమంటావు, ఆమెకేమో తోక యాడుందంటావా? ఇది పరీక్షనా, మోసమా? ఊరికే ఇయ్యాలనుకుంటే ఊరికే ఇయ్యి, మా పానం తియ్యబాక!"

శ్యాంసన్ చేతిలో కత్తి అట్లాగే నిలిచిపోయింది. ఎలీషబా ముఖం చూసి, ఈ మనిషి ఇంక ఈ కొట్టు మెట్టెక్కదు అనుకున్నాను. దీవెన పొట్లాలు ఇవాల్టితో సరి.

ఆమె పొట్లం తీసి చెక్క మీద పెట్టింది.

"మామ అడిగింది న్యాయమే. మామకు పెట్టే పరీక్షే నాకూ పెట్టు తమ్ముడా."

"అక్కా, అది..."

"పెట్టు."

శ్యాంసన్ కత్తి పక్కన పెట్టాడు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు. "ఐసు లేకుండా ఎండలో ఉన్న ట్యూనాని... బాగా ఉడకబెడితే తినొచ్చా?"

"తినకూడదు," అంది ఎలీషబా. చీర కొంగు నడుముకు చుట్టింది. అచ్చం శ్యాంసన్ లాగే ఒక వేలు పైకెత్తింది. "దాంట్లో పుట్టిన విషం ఎంత ఉడకబెట్టినా పోదు. నాలిక్కి సురసురమంటాది, మొగం ఎర్రబడతాది, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. మన మిరపకాయ మంట అనుకొని జనం ఇంకో ముద్ద తింటారు. కాదు, అది విషం. అందుకే పోయిన నెల ఐసు కరిగిందని పెట్టెడు చేప గుంట తీసి పూడ్చినావు. ఇంకా ఇను. దానికి ఒళ్ళు వెచ్చన. రక్తం కార్చకపోతే మాంసం చెడతాది. తాడు నలభై కిలోమీటర్లు, గాలాలు వెయ్యి..."

"అమ్మా తల్లీ, పాసు, పాసు!" రంగయ్య రెండు చేతులూ ఎత్తేశాడు. "ఒక్కని మాటలకే సస్తాన్నా, ఇద్దరయినారా?"

గుంపు ఫక్కున నవ్వింది. ఎలీషబా మాత్రం నవ్వలేదు. "నాకు సులువైనవి అడుగుతాండావని మొదటి వారమే తెలిసింది తమ్ముడా. బిడ్డ కోసం తీసుకున్నా. ఊరికే తీసుకున్నట్టు ఉండకూడదని, ఒక్కో పొట్లానికి ఒక్కో జవాబు వరసలో నిలబడి నేర్చుకున్నా. ఇప్పుడు నేనొకటి అడుగుతా. ఈదకపోతే సస్తాదంటివే, మరి గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఈత వస్తాదా? ఊపిరెట్ల ఆడతాది?"

శ్యాంసన్ పైకి చూశాడు, కిందికి చూశాడు. వైజాగ్‌లో తన పడవ నడిపిన పాత సరంగుకు ఫోన్ చేశాడు. సరంగు, "పిల్లల్ని మనమెప్పుడు పట్టాంరా?" అని పెట్టేశాడు.

"తెలీదక్కా," అన్నాడు శ్యాంసన్.

"అయితే ఓడినావు. ముక్క నాది." ఆమె పొట్లం తీసుకుంది. "కనుక్కో. వచ్చే ఆదివారం వచ్చి అడుగుతా. నీకు తెలిసేదాకా ప్రతి వారం ఓడినట్టే."

ఆమె మలుపు తిరిగాక నేను నా ఫోన్‌లో వెతికాను. రెండు నిమిషాల్లో దొరికింది. అప్పుడే పుట్టిన పిల్ల ఇంత చిన్న పోగు, నీటి వాలుకు కొట్టుకుపోతూ ఉంటుంది, మొప్పలు ఏర్పడేదాకా చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది. పరిగెత్తి శ్యాంసన్‌కు చదివి వినిపించాను. ఆయన కళ్ళు మెరిశాయి. నోరు తెరిచాడు. వీధిలో ఎవరు కనిపిస్తే వాళ్ళను పట్టుకుని చెప్పేట్టున్నాడు. అంతలోనే నోరు మూసుకుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కొండలన్నా, నీకు దండం పెడతా. నువ్వు చదవలేదు, నేను ఇనలేదు."

నాలుగు నెలలయింది. దీవెన రక్తం పది దాటింది, ఇంకా పెరగాలట. ప్రతి ఆదివారం ఎలీషబా వచ్చి, "ఏం తమ్ముడా, తెలిసిందా?" అని అడుగుతుంది. మార్కాపురంలో అడగకుండానే జవాబులు చెప్పే ఆ ఒకే ఒక్క మనిషి, నాలిక చివరిదాకా వచ్చినదాన్ని గుటక వేసి మింగి, తల గోక్కుంటాడు.

"ఇంకా ఎతుకుతానే ఉండానక్కా," అంటాడు, పొట్లం అందిస్తూ.