మాస్టారి గట్టు మీద అందరి మేత

కొల్లేటి చుట్టుపక్కల చేపల్ని ఒక పూట పస్తుంచిన ఘనత నాది. నవ్వకండి, పూర్తిగా వినండి.

తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ ముగించి, నాకు తెలియనిది లేదనుకుంటున్న రోజులవి. పెదపాడులో మా మావయ్యకి చేపల మేత షాపుంది. రైతులు షాపులోని కంప్యూటర్లో ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యి ఎన్ని బస్తాలో కొడితే, వ్యాను నేరుగా వాళ్ళ చెరువు గట్టుకి వెళ్ళేలా ఒక వెబ్‌సైటు చేశాను. పది నిమిషాలు ఖాళీగా ఉంటే సెషన్ ముగుస్తుంది. అంటే, కూర్చున్నదెవరో సైటు మర్చిపోయి మళ్ళీ లాగిన్ అడుగుతుంది.

మావయ్యకి అది నచ్చలేదు. "ఇదేం పద్ధతమ్మాయ్? మనిషన్నాక మధ్యలో టీ తాగుతాడు. తిరిగొచ్చేసరికి మీరెవరండీ అంటుందేంటి?"

"సెక్యూరిటీ, మావయ్యా."

"వచ్చినవాళ్ళని లేపేసే సెక్యూరిటీ మనకొద్దు."

నిజమే అనిపించింది. సెట్టింగుల్లో పది నిమిషాలు తీసేసి ఏడాది పెట్టేశాను. పొమ్మనడం మర్యాద కాదని లాగౌట్ బటన్ కూడా పీకేశాను. చూశారా నా సంస్కారం!

మర్నాడు మొదట వచ్చింది దేవసహాయం మాస్టారు. రిటైరయ్యాక అరెకరం చెరువు చేసుకుంటున్నారు. లాగిన్ అయ్యి, రెండు బస్తాలు చెప్పి, పక్క బల్ల మీద పేపరు చదువుతూ కూర్చున్నారు. తర్వాత పద్దెనిమిది మంది వచ్చారు. ఎవర్నీ సైటు లాగిన్ అడగలేదు. పైన "నమస్కారమండీ, దేవసహాయం మాస్టారూ" అనే ఉంది. ఒక్కరైనా అనుమానపడాలి కదా? అందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే! పక్కనే ఉన్న పెద్దాయనకి కంప్యూటరు ముందుగా దండం పెడుతోందనుకున్నారు. "మంచి పద్ధతి నేర్పావమ్మా దీనికి" అని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. స్క్రీను వైపు చూడకుండానే నేను పొంగిపోయాను.

మధ్యాహ్నం ఇంటి నుంచి మాస్టారు ఫోన్ చేశారు.

"చిన్న సందేహమమ్మా. నేనడిగింది రెండు బస్తాలే కదా?"

"అవునండీ."

"నూట ఎనభై దించారమ్మా. ఇంకో వ్యాను వస్తోంది. పాపం అలిసిపోయారు, మజ్జిగ ఇవ్వమంటావా? ఇటు మబ్బు కూడా పట్టింది."

అప్పుడు చూశాను స్క్రీను: పొద్దుట్నుంచి అందరి బస్తాలూ మాస్టారి పేరు మీదే పడ్డాయి. మావయ్య తల పట్టుకున్నాడు. "తడిస్తే మేతంతా బూజు పడుతుందే! షాపు మూసుకోవడమే!"

పరుగెత్తాం. అప్పటికే మాస్టారు అందరికీ ఫోన్లు చేసి, చర్చిలోని టార్పాలిన్లు తెప్పించి బస్తాల మీద కప్పించారు. గట్టు మీద నిలబడి హాజరు వేస్తున్నారు.

"సత్యనారాయణా!"

"ప్రెజెంట్ సార్!"

"ఎన్ని?"

"పది సార్!"

మీసాలు నెరిసినవాళ్ళు చేతులెత్తి, ఎవరి బస్తాలు వాళ్ళు ఆటోల్లో వేసుకున్నారు. చివరి ఆటో కదిలాకే చినుకు పడింది. నాకు ఏడుపొచ్చేసింది.

"తిట్టరేంటండీ నన్ను?"

"హాజరు బాగానే వేశావమ్మా. బెల్లు కొట్టడం మర్చిపోయావు. పాత పిల్లల్ని ఇంటికి పంపకపోతే, కూర్చున్నది ఎవరో నీకెలా తెలుస్తుంది?"

లాగౌట్ బటన్ మళ్ళీ పెట్టాను. దాని మీద "వెళ్ళొస్తానండీ" అని రాశాను.

కొల్లేరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎంతటివారైనా సరే, ఈ జన్మలో ఎవర్నీ పది నిమిషాలు మించి నా సైట్లో ఖాళీగా కూర్చోనివ్వను.

దేవసహాయం మాస్టారికి మాత్రం ఇరవై.