కిటికీలోంచి వేసిన మెదడు

తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఆగగానే అందరూ కిటికీల్లోంచి తువ్వాళ్ళు వేసి సీట్లు పట్టుకుంటున్నారు. తువ్వాలు లేక, నేను నా తల స్కానింగు కవరు వేశాను. వయసుతో మెదడులోని సన్నటి రక్తనాళాలు గట్టిపడ్డాయని గంట ముందే డాక్టరు చెప్పాడు. నా తలలో గట్టిదంటూ ఒకటుందని తేలినందుకు కొంచెం మురిసిపోయాను కూడా.

తోపులాటలో చివరగా ఎక్కి చూస్తే, ఆ సీటులో నా వయసువాడే ఒకాయన కూర్చున్నాడు. కవరు ఆయన ఒళ్ళో ఉంది.

"లెయ్యప్పా, నా మెదడే వేసి పట్టిన సీటు అది."

"తువ్వాలేస్తే సీటు. కాగితమేస్తే యాడన్నా ఇస్తారా?" అని కసిరి, కవరును పళ్ళతో విప్పి, ఫిల్మును కిటికీ వెలుతురులో చూశాడు. "నా ఫిల్ములో గూడా ఈ తెల్ల సుక్కలే. బీపీ మాత్రలు మింగతా ఉండావా?"

"తలనొప్పే లేదు, మానేసినాను. నీకెందుకు?"

"నేనూ ఇట్లే పొగరుగా మానేసినా."

పళ్ళెందుకో అప్పుడు తెలిసింది. ఆయన ఎడమ చెయ్యి ఎవరో మరిచిపోయిన సంచిలా ఒళ్ళో పడి ఉంది. పక్కన చేతికర్ర.

"సూసింది సాలు. నిలబడే కాళ్ళుండాయి గదా, నిలబడు!" అని కవరు నా మీదికి విసిరాడు.

చిత్తూరు దాకా నిలబడే వచ్చాను. ఆయన మీద కోపం ఇంకా పోలేదు. పొద్దున్నే మాత్ర మాత్రం మానడం లేదు. అదీ నిలబడే మింగుతున్నాను.