వెనక్కి తిరిగి చూసిన తల్లి

రాతియుగం మనుషుల మీద వచ్చిన నవల ఒకటి నాకు ప్రాణం. దాన్ని సినిమాగా తీశారని తెలిసి ఈ మధ్యాహ్నం కోరుట్లలో మా ఇంట్లో టీవీ పెట్టుకున్నాను. మా అత్తమ్మ చాప మీద కూర్చొని, ఒళ్ళో చాటతో బీడీలు చుడుతోంది. ఆమె ఎడమ పక్కన కూర్చోబోతే, ఎప్పటిలాగే, "గక్కడ వద్దు, ఇటు రా" అంది.

బీడీలు చుట్టేటప్పుడు అత్తమ్మ చేతులవైపు చూడదు. కళ్ళు టీవీ మీద, వేళ్ళు ఆకు మీద.

సినిమాలో ఒక తల్లి చనిపోయిన పసిపాపను గుంటలో పెట్టి, మట్టి కప్పి నడిచింది. నవలలో ఆమె తిరిగి చూడదు. సినిమాలో చూసింది! కథంతా పాడు చేశారని నేను విసుక్కుంటుంటే, పక్కన వేళ్ళు ఆగిపోయాయి.

"ఎనుకకు మర్రి సూడకే అవ్వా... సూస్తే పిల్ల ఎంట అస్తది," అంది అత్తమ్మ, టీవీలోని తల్లితో.

"నువ్వెప్పుడన్న చూసినవా అత్తమ్మా?" నవ్వుతూ అడిగాను.

"సూసిన బిడ్డా. నీ పెనిమిటి కంటే ముందుగాల ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది పొద్దులు బతికింది. బొంద పెట్టేకాడికి ఆడోళ్ళు రావద్దన్నరు. అయినా పోయిన. అచ్చేటప్పుడు మర్రి సూసిన."

పదకొండేళ్ళుగా మా ఆయనే తొలి సంతానం అనుకుంటున్నాను.

"మరి... వెంట వచ్చిందా?"

అత్తమ్మ ఇంకో ఆకు అందుకుంది. "గందుకే గదా, నాకు ఎన్నడు ఒక్కదాన్నే ఉన్నట్టు అనిపియ్యలే."

నవల గొప్పదా, సినిమా గొప్పదా, చదివినవాళ్ళు చెప్పండి. నేనిక వాదించను. అత్తమ్మ లేచి వెళ్ళింది. చాప ఎడమ పక్క దులపడానికి నాకు చెయ్యి రావడం లేదు.