కర్ణంలో తగ్గిన పది సెంటీమీటర్లు

ఇది ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, హాస్టల్లో నా పక్క మంచం స్నేహితురాలికి చెప్పలేదు. మధ్యాహ్నం తిన్న కూరతో సహా రాసుకునే డైరీలో కూడా ఆనాటి పేజీలో "ఈరోజు ఎండ ఎక్కువ" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. సంగతేమిటంటే, బీఈడీ చదివేటప్పుడు బోధన్ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతికి పైథాగరస్ సిద్ధాంతం చెప్పడానికి నేను మూడు చెరుకు గడలు తీసుకుని వెళ్లాను. అందులో త్రిభుజానికి కర్ణం కావలసిన గడను ఎవరో కొంత తినేశారని ఆ బడిలో చాలా రోజులు చెప్పుకున్నారు. తిన్నది నేనే.

బీఈడీ చదివే వయసులో మనిషికి కాగితం మీద అంతులేని నమ్మకం ఉంటుంది. ప్రతి పాఠానికీ ముందు పాఠ్య పథకం రాయాలి. స్కేలుతో గళ్లు గీసి, పైన అభ్యసన లక్ష్యాలు, కింద కృత్యాలు, ఎడమ గడిలో టీచరు ఏమడుగుతుంది, కుడి గడిలో పిల్లలు ఏం జవాబు చెబుతారు. ఆ కుడి గడికి 'ఆశించే ప్రతిస్పందనలు' అని పేరు. అంటే రేపు పిల్లలు ఏమంటారో ఈ రాత్రే మనం రాసి పెట్టాలన్నమాట. మిగతావాళ్లంతా ఆ గడిలో "అవును", "కాదు" అని రాసి పని కానిచ్చేవారు. నేను మాత్రం మనుషుల ముందు ఎంత మూగనో కాగితం ముందు అంత వాగుడుకాయను. "(కొంచెం ఆలోచించి) పదివేలు మేడం", "(ఆశ్చర్యంగా) అరే, రెండూ సమానం మేడం" అంటూ నాటకంలో లాగా బ్రాకెట్లలో హావభావాలు కూడా పెట్టేదాన్ని. నా పథకాల రికార్డులోని పిల్లలు మహా తెలివైనవారు. ఒకరిద్దరు మాత్రం నాకు సరిదిద్దే అవకాశం ఇవ్వాలని మర్యాదగా తప్పు చెప్పేవారు.

అసలు క్లాసులో సంగతి వేరు. మొదటి అబ్జర్వేషన్ నాడు మా కాలేజీ నుంచి వచ్చిన మేడం (చాటున మేమంతా ఎర్రపెన్ను మేడం అనేవాళ్లం) చివరి బెంచీలో కూర్చుని, ముప్పావుగంట సేపు కదులుతున్న నా పెదవులను చూసి, "స్వరం రెండో బెంచీ దాటలేదు. మళ్లీ చెప్పాలి" అని రికార్డులో రాసి వెళ్లిపోయింది. రెండోసారి కూడా ఇంతే అయితే మరుసటి ఏడు జూనియర్లతో కలిసి ప్రాక్టీసు మొత్తం మొదటి నుంచి చేయాలి. నవీపేట్ దగ్గర మా ఊళ్లో బాపు అప్పటికే పసుపు ఉడకబెట్టే చోట, బస్సు కోసం నిలబడ్డ చోట, "మా బిడ్డ టీచరమ్మ అయింది" అని చెప్పుకుంటున్నాడు. ఆ మాట ఒక ఏడాది వాయిదా వేసుకొమ్మని ఆయనకు చెప్పడం కంటే పులిని పలకరించడం తేలిక అనిపించింది నాకు.

అందుకే రెండోసారికి రెండు ఏర్పాట్లు చేసుకున్నాను. మొదటిది చెరుకు. అరవై, ఎనభై, వంద సెంటీమీటర్ల గడలు మూడు కొసలకు కొసలు కలిపి కడితే ఒక మూల లంబకోణం వచ్చి తీరుతుంది. అట్టముక్కలతో అందరూ చేస్తారు, చెరుకు పండే ఈ నేలలో చెరుకుతోనే చేస్తే కృత్యానికి అందం వస్తుందని నా ఊహ. ఆ పక్క ఊళ్లోనే ఉన్న మా మామ తన పొలంలో గడలు నరికిస్తూ, "లెక్కలు చెప్పనీకె చెరుకెందుకే? మా సారు కట్టెతోని చెప్పిండు. ఇంక యాదికున్నయి" అన్నాడు. నేను టేపు పెట్టి మిల్లీమీటరు తేడా రాకుండా కోయించుకున్నాను. పాఠం అయ్యాక పిల్లలు తినడానికని మామ ఇంకో రెండు నిండు గడలు ఇస్తే క్లాసులో మూలన పెట్టించాను.

రెండో ఏర్పాటు చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంటుంది. పాఠ్య పథకంలో లక్ష్యం దగ్గర "లంబకోణ త్రిభుజ భుజాల మధ్య సంబంధాన్ని విద్యార్థులు స్వయంగా కనుగొంటారు" అని రాసి, 'స్వయంగా' కింద రెండు గీతలు గీశాను. ఆ స్వయంగా కనుగొనవలసినదాన్ని ముందు రోజు చివరి పీరియడులో పన్నెండు మంది పిల్లలకు చీటీల మీద రాసి పంచిపెట్టాను. వాళ్లకు అది వార్షికోత్సవం నాటకంలా తోచింది. పెద్ద జవాబు కోసం కొట్లాడుకున్నారు. లంబకోణం అంటే అరవై డిగ్రీలని తప్పు చెప్పాల్సిన చీటీ గుండు చేయించుకుని ఉన్న ఒక పిల్లవాడికి వచ్చింది. వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసి, "నాకే గలత్ ఎందుకిచ్చిండ్రు మేడం? మా అవ్వకు తెలిస్తె ఇజ్జత్ పోతది" అన్నాడు. తప్పు చెప్పేవాళ్లే అందరికంటే గట్టిగా చెప్పాలని నచ్చజెబితే ఊరుకున్నాడు. ఆ రోజు బడికి రానిది ఒక్క పిల్లే. వాళ్ల నాన్న బోధన్‌లో దర్జీ. కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెంట పోయిందట. సంచీలో ఎప్పుడూ కొలత టేపు పెట్టుకు తిరిగేది కాబట్టి క్లాసంతా ఆమెను టేపు అనే పిలిచేవారు. టేపుకు ఈ నాటకం సంగతే తెలియదు. ఒక్కరే కదా అనుకున్నాను.

మరునాడు ఎర్రపెన్ను మేడం గంట ఆలస్యంగా వచ్చింది. ఆ గంటే నా కొంప ముంచింది. నాకు భయం వేస్తే ఏదో ఒకటి నమలాలి. చిన్నప్పుడు పెన్ను మూతలు, తర్వాత చున్నీ కొసలు. ఆ రోజు చీర కట్టుకున్నాను, అమ్మ చీర, కొంగు నమిలితే ప్రాణాలు తీస్తుంది. స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కిటికీ వైపు తిరిగి కూర్చుని పాఠం మననం చేసుకుంటుంటే, ఒళ్లో ఉన్న కట్టలోంచి పొడుగాటి గడ కొస ముందుకు పొడుచుకొచ్చి సరిగ్గా నా నోటికి అందేంత దూరంలో ఉంది. కొస కాస్త గరుకుగా ఉందనీ, నునుపు చేద్దామనీ కొరికాను. (ఇది అబద్ధమని నాకు అప్పుడే తెలుసు.) చల్లగా, తియ్యగా రసం గొంతులోకి దిగేసరికి భయం సగం పోయింది. మిగిలిన సగం కూడా పోతే బాగుంటుందనిపించింది. పిప్పి రుమాలులో చుట్టి సంచీలో పెట్టాను. రెండు వేళ్లంతే పోయి ఉంటుందిలే అనుకున్నాను. టేపు పెట్టి కోయించిన మనిషిని, మళ్లీ కొలవాలని మాత్రం తోచలేదు.

పాఠం మొదలైంది. మొదటి బెంచీ అమ్మాయి తన జవాబు బాగానే చెప్పింది. వంద వర్గం ఎంత అని తర్వాతి బెంచీలో పొడుగు పిల్లవాణ్ని అడిగాను. వాడు చేతులు కట్టుకుని, నిటారుగా నిలబడి, "కొంచెం ఆలోచించి, పదివేలు మేడం" అన్నాడు. చీటీల మీద బ్రాకెట్లు కూడా దించేశానని అప్పుడు తట్టింది. వాడి వెనకమ్మాయి నేను అడగకముందే లేచి, హాజరు పలికినట్టు, "ఆశ్చర్యంగా, అరే, రెండూ సమానం మేడం" అని కూర్చుంది. గుండు పిల్లవాడు తన అరవై డిగ్రీలను రోడ్డు మీద పోయేవాళ్లు ఆగేంత గట్టిగా చెప్పాడు. చివరి బెంచీలో ఎర్రపెన్ను రాయడం మానేసింది. పెన్ను మూత పెట్టడం కూడా కనిపించింది.

ఇక చెరుకే దిక్కనుకుని గడలను సైకిలు ట్యూబు ముక్కలతో కట్టి బల్ల మీద పెట్టించాను. పుస్తకం మూలను ఆ మూలలో పెట్టి చూసి "సరిగ్గా సరిపోయింది మేడం" అనడం ఒకమ్మాయి వంతు. పెట్టింది. పుస్తకం సగం లోపల, సగం చెరుకు మీదికి ఎక్కి కూర్చుంది. ఆ పిల్ల పుస్తకాన్ని చూసింది, నన్ను చూసింది, చేతిలో చీటీని చూసుకుంది. చివరికి చీటీని నమ్మి, "సరిగ్గా సరిపోయింది మేడం" అంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. (చప్పట్లు కూడా నేనే రాశాను.)

చప్పట్లు ఆగాక, మూడో బెంచీ నుంచి టేపు లేచింది.

"సరిపోలే మేడం. గలత్ ఉన్నది. గిట్ల కోస్తె అంగీ భుజం కాడ పట్టేస్తది."

ఈ జవాబు నా కుడి గడిలో లేదు. "అయితే నువ్వే చూడు" అన్నాను. ఆమె సంచీలోంచి టేపు తీసి అరవై కొలిచింది, ఎనభై కొలిచింది, పొడుగు గడ దగ్గర ఆగి రెండోసారి కొలిచింది. తొంభై. నేను నమలడంలో ఇంత చురుకైనదాన్నని నాకప్పటిదాకా తెలియదు. పొడుగు పిల్లవాడు ఈసారి చీటీ లేకుండా, పెదవులు కదుపుతూ నిజంగానే ఆలోచించి, తొంభై వర్గం ఎనభై ఒక్క వందలేననీ, పదివేలకు పందొమ్మిది వందలు తక్కువనీ చెప్పాడు. గడ పొట్టిదైతే మూల ముడుచుకుంటుందా అని ఒకరు, మరి పొడుగుదైతే విచ్చుకుంటుందా అని ఇంకొకరు లేచారు. మూలన ఉన్న నిండు గడల్లోంచి ఒకటి నూట పదికి, ఒకటి సరిగ్గా వందకు కోసి కట్టి చూశారు. వంద దగ్గర పుస్తకం మూల అతికినట్టు కూర్చుంటే ఆ చప్పట్లు ఎవరూ రాసినవి కావు. ఆ గోలలో నా మాట వినిపించడానికి నేను అరవాల్సి వచ్చింది. గుండు పిల్లవాడు చెవులు మూసుకుని, "జర మెల్లగ మేడం" అన్నప్పుడు కానీ నా గొంతు ఇంత పెద్దదని నాకే తెలియలేదు.

గంట కొట్టాక ఎర్రపెన్ను మేడం ముందుకు వచ్చి ఆ కొరికిన కొసను పట్టుకుని చూసింది. పంటి గాట్లు స్పష్టంగా ఉన్నాయి. ఇది ఎవరి పని అని పిల్లల్ని అడిగింది. చెప్పేయాలని నేను నోరు తెరిచాను. ఇది చెబితే పాఠం పోతుంది, ఏడాది పోతుంది, బాపు మాట పోతుంది అని లెక్క వేసుకునేలోపు నోరు దానంతటదే మూసుకుంది. ఇంతలో టేపు చెయ్యెత్తింది.

"నేనే మేడం. ఆకలైంది."

సామాను తినేవాళ్లకు శిక్షగా సిద్ధాంతం పదిసార్లు రాసి మరునాడు నాకు ఇమ్మని చెప్పి ఎర్రపెన్ను మేడం రికార్డు తెరిచింది. ఆమె రాసిన మూడు వాక్యాలు నాకు ఇప్పటికీ కంఠస్థం. "స్వరం వినబడింది, లక్ష్యం నెరవేరింది. బోధనోపకరణాలను పిల్లలకు అందకుండా ఉంచాలి. ఇకపై ప్రతిస్పందనల్లో బ్రాకెట్లు వద్దు." మరునాడు టేపు గుండ్రటి అక్షరాలతో పదిసార్లు రాసిన కాగితం తెచ్చి ఇచ్చింది. దాని మీద ఎర్ర ఇంకుతో 'గుడ్' అని రాసి, తిరిగి ఇవ్వకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో, ఎండ ఎక్కువగా ఉన్న ఆ పేజీ మధ్యలోనే ఉంది.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక బడిలో లెక్కలే చెబుతున్నాను. గొంతు నాలుగో గదికి కూడా వినిపిస్తుందని పక్క క్లాసువాళ్లు ఫిర్యాదు చేస్తుంటారు. పాఠ్య పథకాల్లో కుడి గడి ఖాళీగా వదిలేసి, పాఠం అయ్యాక నింపుతాను. పోయిన నెల బస్టాండులో చెరుకు రసం బండి దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో "మేడం" అన్నారు. డిగ్రీ పుస్తకాల సంచీ, అందులోంచి తొంగిచూస్తున్న అదే టేపు. నా చేతిలో గ్లాసు, ముఖంలో దొంగ. ఇన్నేళ్లుగా మనసులో వందసార్లు తిరగరాసుకున్న మాటలు మొదలుపెట్టాను. ఆ రోజు నేనొక సంగతి చెప్పాల్సిందని అన్నానో లేదో, ఆమె నవ్వింది.

"కర్ణం సంగతా మేడం? నాకెరికే. సాక్‌పీసులకని స్టాఫ్ రూముకొస్తె మీరు కిటికి దిక్కు తిరిగి నములుతుండ్రి. ఎనుక నుంచి చెవులు కదులుడు కనవడ్డది."

మరి ఎందుకు నీ మీద వేసుకున్నావని అడిగాను. నేను పోతే వేరే మేడం వస్తుందనీ, ఆమె చెరుకు తెస్తుందో తేదో అని భయపడ్డాననీ చెప్పింది. అంత భయపడి ఏడాది కాపాడుకున్న నన్ను తలుచుకుంటే, కిటికీ వైపు తిరిగి చెవులు కదిలిస్తున్న ఆ బీఈడీ పిల్లను తలుచుకుంటే, నవ్వూ వచ్చింది, ఎందుకో ఒకసారి దాని నెత్తి నిమరాలనీ అనిపించింది. అయితే ఇప్పుడు నేను పదిసార్లు రాయాలా అని అడిగాను. అప్పటికే బోధన్ బస్సు కదలబోతోంది. ఆమె మెట్టెక్కి, కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"పదిసార్లెందుకు మేడం, ఒక్కసారి రాయుండ్రి సాలు. నా పేరు మాత్రం పెట్టకుండ్రి, ఇంట్ల ఇంక నేనే తిన్ననని నవ్వుకుంటుండ్రు."