ఎడమ పక్కనే వచ్చిన మనిషి

1988లో నేను రేపల్లె మేజిస్ట్రేటు కోర్టులో ఏపీపీని. అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని, పోలీసులు పెట్టిన కేసుల్ని ప్రభుత్వం తరఫున నడిపే ప్లీడరుని. కాపురం తెనాలిలో. పొద్దున పాసింజరు ఎక్కితే కోర్టు మొదలయ్యే వేళకి రేపల్లెలో దిగేవాణ్ణి. పేకాటలు, సారా కేసులు, గట్టు తగాదాలు, సైకిలు దొంగతనాలు, మా కోర్టుకి వచ్చే సరుకంతా అదే. ముద్దాయిని చూడటానికి జనం ప్రహరీ ఎక్కి కూర్చోవడం మాత్రం నా సర్వీసులో ఒక్క కేసులోనే చూశాను.

ఆ ముద్దాయి శేషగిరి. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకి వాలీబాల్ ఆడినవాడు. ఆ ఆట చూపించే సర్కారు ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆడటం మానేసి చాలా ఏళ్లయినా మా ప్రాంతంలో అతని మీద మోజు తగ్గలేదు. కాలేజీ రోజుల్లో తెనాలిలో అతని ఆట చూస్తూ గొంతు పోయేలా అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎక్కడ టోర్నమెంటు జరిగినా బహుమతులివ్వడానికి అతన్నే పిలిచేవారు.

అంతకు ముందు ఏడాది అలాగే నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెలో కప్పులు పంచి, జీపులో రేపల్లె తిరిగి వస్తున్నాడు. ఇంకా వెలుగుంది. కాలువ గట్టు మలుపులో ముందున్న ట్రాక్టరుని దాటబోయి, ఎదురుగా సైకిలు మీద వస్తున్న దేవదానం అనే ఎలిమెంటరీ స్కూలు పంతుల్ని గుద్దాడు. దేవదానం అక్కడికక్కడే ప్రాణం విడిచాడు.

ఇలాంటి కేసుల్లో ఆ రోజుల్లో ఒక ఆనవాయితీ ఉండేది. బండి ఎవరు నడిపినా, స్టేషనుకి వచ్చి లొంగిపోయేది మాత్రం జీతానికున్న డ్రైవరే. ఇక్కడా అంతే జరిగింది. "నేనే నడిపాను, సైకిలాయన తాగి తూలుతూ అడ్డం వచ్చాడు" అని డ్రైవరు చెప్పాడు. ఎఫ్ఐఆర్‌లో అదే ఎక్కింది, పేపర్లోనూ అదే పడింది. మూడో రోజున జీపు వెనక సీట్లో ప్రయాణించిన ఖాదర్ బాషా స్టేషనుకి వెళ్లి, నడిపింది డ్రైవరు కాదు, శేషగిరి అని చెప్పకపోతే కేసు ఆ డ్రైవరు మీదే ముగిసిపోయేది. ఖాదర్ బాషా రిటైరైన డ్రిల్లు మాస్టారు. శేషగిరికి చిన్నప్పుడు బంతి పట్టుకోవడం నేర్పిన గురువు ఆయనే.

సెక్షన్ 304-ఎ. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిన నేరం. ఎంత పెద్ద శిక్ష వేసినా రెండేళ్లు దాటదు. చాలాసార్లు జరిమానాతోనే సరిపెట్టేస్తారు. విచారణకి ముందు దేవదానం భార్య రూతమ్మ నా గదికి వచ్చినప్పుడు ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే ఆవిడే అడ్డం వచ్చింది.

"శిక్ష సంగతి నాకెందుకండి? మా ఆయన చర్చి పెద్దండి. పెళ్లయిన కాడ్నించి చుక్క ముట్టలేదు. తాగి పడ్డాడని పేపర్లో ఏశారు. ఆదివారం గుళ్లో నా ముందు బల్ల మీదోళ్లు వెనక్కి తిరిగి చూత్తన్నారండి. ఆ మాట కొట్టేయించండి సార్, సాలు."

"పేపర్లో మాట కోర్టు కొట్టెయ్యదమ్మా. ఆయన తప్పు లేదని రుజువైతే మాత్రం తీర్పులో రాస్తారు."

"అయితే అదే రాయించండి."

చిన్న కోరికలా వినిపించింది. సాక్షుల్ని పిలవడం మొదలెట్టాక కానీ అది ఎంత పెద్దదో నాకు తెలిసిరాలేదు. మలుపు దగ్గర టీ కొట్టాయన మొదటి సాక్షి. జీపు ఎవరు నడిపారని అడిగితే చూడలేదన్నాడు.

"పోలీసులకి చూశానని చెప్పావుగా?"

"అప్పుడు చూశానండి. ఇప్పుడు గుర్తు లేదండి."

కోర్టంతా ఒకటే నవ్వు. పోలీసులకి చెప్పిన మాటని బోనులో మింగేసేవాణ్ణి మేము హోస్టైల్ అంటాం. మామూలుగా దాని వెనక డబ్బో భయమో ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. బయట గట్టిగా అడిగితే, "ఆయన్ని ముద్దాయిగా చూస్తే నోరు పెగల్లేదు సార్" అని ఏడ్చినంత పని చేశాడు. ట్రాక్టరు తోలినవాడూ అదే దారి పట్టాడు. మా కోర్టు బంట్రోతు అయితే అందరికంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు. ముద్దాయికి స్టూలు తెచ్చి వేశాడు! మేజిస్ట్రేటు గారు కళ్లెర్రజేస్తే కానీ తియ్యలేదు. డబ్బు తిన్న సాక్షిని నిలదీయగలను. అభిమానంతో అబద్ధమాడే మనిషిని ఏం చెయ్యాలో ఏ లా కాలేజీలోనూ నేర్పలేదు.

ఇక మిగిలింది ఖాదర్ మాస్టారు. ఆయన ఇంటికి ఊళ్లో పెద్దలంతా వెళ్లొచ్చారని విన్నాను. "చెప్పిన మాట మీద నిలబడతారా మాస్టారూ?" అని అడిగాను.

"నేను నిలబడ్డానికేముందండీ? నిలబడాల్సింది వాడు" అన్నారాయన.

బోనులో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. "స్టీరింగు శేషగిరి చేతిలో ఉంది, డ్రైవరు వెనక నా పక్కన కూర్చున్నాడు, సైకిలు తన ఎడమ అంచునే వస్తోంది, మేమే అతని పక్కకి వెళ్లాం" అన్నారు.

అప్పుడు బాపట్ల నుంచి వచ్చిన డిఫెన్సు ప్లీడరు క్రాసుకి, అంటే ఎదురు ప్రశ్నలకి లేచాడు. పేరున్న లాయరే. కానీ ఆయనకీ వాలీబాల్ పిచ్చి. ఆ పిచ్చే ఆయన కొంప ముంచింది.

"బాపట్ల ఫైనల్సులో ఏం జరిగిందో కోర్టు వారికి చెప్పండి మాస్టారూ" అన్నాడు.

ఆ కథ మా ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. అవతలివాళ్లు కొట్టిన బంతి శేషగిరి వేలిని రాసుకుంటూ బయట పడింది. రెఫరీ చూడలేదు. ఆయన విజిల్ ఊదేలోపే శేషగిరి తనంతట తానే చెయ్యెత్తి, నాకు తగిలిందని చెప్పేశాడు. పాయింటు పోయింది, దాంతో మ్యాచీ పోయింది. మాస్టారు చెబుతుంటే ప్రహరీ మీది జనం చప్పట్లు కొట్టారు.

"అలాంటి మనిషి ఇవాళ అబద్ధమాడతాడంటారా?"

మాస్టారు ప్లీడరు వంక చూడలేదు, శేషగిరి వంక చూశారు. "ఎప్పుడు చెయ్యెత్తుతాడా అని నేనూ ఏడాది పైనుంచి చూస్తున్నానండి. మొదటి రెండు రోజులు స్టేషనుకి వెళ్లనిది కూడా అందుకే."

ప్లీడరు ఇంకో ప్రశ్న వెయ్యకుండా కూర్చున్నాడు. శేషగిరి తల దించుకున్నాడు.

నేరం రుజువైందని మేజిస్ట్రేటు గారు ప్రకటించి, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని అడిగినప్పుడు గానీ అతని నోరు తెరుచుకోలేదు. "జీపు నేనే నడిపానండి. ఆయన తాగలేదు. తన పక్కనే వస్తున్నాడు." వెంటనే ప్లీడరు లేచి, తప్పు ఒప్పుకున్నాడు, రాష్ట్రానికి పేరు తెచ్చినవాడు, జరిమానాతో వదిలెయ్యండి అని వేడుకున్నాడు. నా వంతు వచ్చింది. "తెచ్చిన పేరుకి ప్రభుత్వం ఉద్యోగం ఇచ్చిందండి. దేవదానం గారి దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లు ఈ వరండాలోనే ఉన్నారు. ఆయనకెవరూ కప్పులివ్వలేదు, అంతే తేడా" అన్నాను. ఆరు నెలల జైలు పడింది.

అప్పీలుకి వెళ్లేదాకా బెయిలు కోసం కాగితాలు రాస్తుంటే, శేషగిరి వరండాలో మాస్టారి కాళ్లకి వంగాడు. "చివరికి చెప్పేశాను కదా మాస్టారూ."

"విజిల్ పడ్డాక చెయ్యెత్తితే ఏం లాభంరా" అన్నారాయన. అంటూనే అతని భుజం పట్టుకుని వదల్లేదు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి నేను పక్కకి తిరిగాను.

అటు రూతమ్మ, ముసలి అత్తగారి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. "ఆ మాట తీర్పులో పడిందాండి?"

పడిందన్నాను. ఇంగ్లీషులో ఉన్న వాక్యం చూసి తెలుగులో చెప్పాను. మృతుడు తన ఎడమ అంచునే వస్తున్నాడు, మద్యం తాగినట్టు ఏ ఆధారమూ లేదు.

తర్వాత అప్పీల్లో శేషగిరి శిక్ష సగానికి తగ్గింది. ఆ వాక్యాన్ని మాత్రం పై కోర్టు కూడా ముట్టుకోలేదు. పెద్ద పేరున్నవాణ్ణి బోనెక్కించడం అంటే అతన్ని ఎన్ని నెలలు లోపల పెట్టామన్నదే అనుకునేవాణ్ణి అంతవరకు. అతని పేరు కింద నలిగిపోయిన ఇంకో పేరుని పైకి తియ్యడం కూడా మా పనేనని నాకు నేర్పింది రూతమ్మే.

ఆ రోజు నేను చదవడం ముగించగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "కాస్త గట్టిగా సదవండి సార్. మా అత్తకి చెవుడు. కొడుకు తాగి పోయాడనుకుంటా ఏడాదిగా కుమిలిపోతందండి."

వరండా నిండా శేషగిరిని చూడటానికొచ్చిన జనం. ఒకప్పుడు తెనాలిలో అతని కోసం ఎంత గట్టిగా అరిచానో, అంత గట్టిగానూ చదివాను.