దానియేలు కూతురి పెళ్లిలో నేను పట్టిన చక్రం

అప్పటికి పదిహేనేళ్లుగా పాలిటెక్నిక్‌లో టర్బైన్ గవర్నర్ పాఠం చెబుతున్నాను. కరెంటు వాడకం తగ్గితే టర్బైన్ పరుగెత్తకుండా నీళ్లు తగ్గించేది, పెరిగితే మందగించకుండా నీళ్లు పెంచేది ఆ గవర్నరే. "మీరెప్పుడైనా చూశారా సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు. చూడలేదు. ఉక్రోషం పట్టలేక తొంభైల చివర్లో ఒక శనివారం బయల్దేరాను. సీలేరు జలవిద్యుత్ కేంద్రానికి వెళ్లాలంటే అనుమతులు కావాలి. జి.మాడుగుల అవతల కొండవాగు మీద చిన్న టర్బైన్ ఉందంటే అటే వెళ్లాను.

విశాఖలో అయిదున్నర బస్సెక్కితే తొమ్మిదిన్నరకు పాడేరు. అక్కణ్ణుంచి జీపు టాపు మీద, పది రూపాయలు. "ఏటి సారూ, కరెంటు సూడ్డానికొచ్చినారా? మీ ఊర్లో నేదా?" అన్నాడు డ్రైవరు. జి.మాడుగులలో దిగి గంట నడిచి, పన్నెండుకి ఊరు చేరాను.

ఒంటిగంటకు అక్కడి చర్చిలో పెళ్లి. టర్బైన్ చూసుకునే దానియేలు పెళ్లికూతురి తండ్రి. ఆ పని తెలిసిన రెండోవాడు పెళ్లికొడుకు. తీరా చూస్తే ఆ టర్బైన్‌కి గవర్నరే లేదు, నీటి గేటు చక్రాన్ని చేత్తో తిప్పడమే. పెళ్లి జరిగే గంటసేపూ వాడకం పెద్దగా మారకుండా, చక్రం దగ్గర మనిషి అక్కర్లేకుండా, కరెంటులో ఎక్కువ భాగం దానికే పోయేలా డ్రమ్ములో పెద్ద హీటరు పెట్టి నీళ్లు కాగబెడుతున్నారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ముందు నాకు కనిపించింది మాత్రం టర్బైన్ షెడ్డు పక్కన దండగగా కాగుతున్న నీళ్లు. బాధ్యత గల పౌరుణ్ణి కదా, స్విచ్చి ఆపేశాను. షెడ్డు హోరెత్తింది. చర్చిలో బల్బులు మతాబుల్లా వెలిగి మూడు పోయాయి. కంగారులో మళ్లీ స్విచ్చి వేస్తే హీటరు కాయిలు ఠప్పుమని తెగిపోయింది. దానియేలు కొత్త పంచెతో పరుగెత్తుకొచ్చి చక్రం పట్టుకున్నాడు.

"సెప్పకుండా ఆపీసినారా సారూ?" అన్నాడు నెమ్మదిగా. తిట్టినా బాగుండేది. ఇక హీటరు లేదు కాబట్టి మైకులో పాట మొదలైనా, ఆగినా చక్రం తిప్పాల్సిందే. అంటే కూతురి పెళ్లికి తండ్రి వెళ్లలేడు.

"నేను పట్టుకుంటాను. పదిహేనేళ్లుగా ఇదే చెబుతున్నాను," అన్నాను. గత్యంతరం లేక వెళ్లాడు.

షెడ్డులో బల్బు మసకబారితే తిప్పాను, భగ్గుమంది. వెనక్కి తిప్పాను, ఆరబోయింది. ఈ ఊగిసలాట మీద నేను ఏటా పది మార్కుల ప్రశ్న ఇస్తాను. బయట పెళ్లి కూర కలుపుతున్న దానియేలు అక్క ఎస్తేరమ్మ చూసి చూసి లోపలికొచ్చింది. "బేగి బేగి తిప్పీయకు బాబూ. రవ్వంత తిప్పి ఆగు. నీళ్లు రావాల కదేటి," అంది. రవ్వంత తిప్పి ఆగాను. వెలుగు కుదురుకుంది.

గంట తర్వాత దానియేలు వచ్చాడు.

"పెళ్లి బాగా జరిగిందా?" అనడిగాను.

"తెలవదు సారూ. బల్బు కేసే సూత్తూ కూకున్నాను."

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. వెలుగు నిలకడగా ఉండటానికి ఒక మనిషి ఏమేం చూడకుండా ఉండిపోతాడో నా పాఠంలో ఎక్కడా లేదు. అటు వెళ్లేవారికి ఒక్క సలహా: ఆ ఊళ్లో ఏ స్విచ్చీ అడక్కుండా ముట్టుకోకండి. దానియేలుకి ఇంకో కూతురుంది.