మా వాడకు వచ్చిన అరబ్బు పెద్దాయన

మొన్నామధ్య హైదరాబాదులో కళ్ళ దవాఖానలో నా వంతు కోసం కూర్చుని ఉంటే, పక్క కుర్చీలోని అరబ్బు ఇల్లాలు తన చేతిసంచి తెరిచింది. అందులోంచి సాంబ్రాణిలాగానే ఉండి సాంబ్రాణి కాని, ఇంకా బరువైన, కొంచెం తియ్యనైన అగరు పొగ వాసన నా చుట్టూ కమ్ముకుంది. ఆ వాసనను నేను అంతకుముందు ఒక్కసారే పీల్చాను. అప్పుడు నాకు పదేళ్ళు. సిద్దిపేటలో, మా ఇంటి అరుగు మీద.

మాది సాలెల వాడ. తెల్లవారకముందే మొదలయ్యే మగ్గాల చప్పుడు, ఎండలో బారుగా కట్టిన నూలుకు పట్టించిన గంజి పులుపు వాసన, వానాకాలంలో మగ్గం గుంటలో ఊరే చెమ్మ, ఆ చెమ్మకు బిగుసుకుపోయే పోగులను తిట్టుకుంటూ పెద్దవాళ్ళు కాల్చే చుట్టల ఘాటు, వీటి మధ్యే పెరిగాం నేనూ, నాకంటే ఏడేళ్ళు పెద్దదైన మా పద్మక్కా. నేత తిండి పెట్టని రోజులు వచ్చాక, నాకు నాలుగేళ్ళప్పుడు, బాపు కువైట్ పోయాడు. మా వాడలో ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే. మూడు నాలుగు నెలలకోసారి ఊరికి వచ్చేవాళ్ళ చేత క్యాసెట్ పంపేవాడు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ పొయ్యి ఆర్పి, మమ్మల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకుని, బాపు ఎదురుగా ఉన్నట్టే కొంగు కప్పుకుని టేపురికార్డరు ముందు కూర్చునేది. ఆ క్యాసెట్లన్నింటిలోనూ ఒక ముసలాయన ఉండేవాడు. బాపు ఆయన ఇంట్లోనే ఖర్జూరపు చెట్లకు నీళ్ళు పెట్టి, మేకలను చూసుకునేవాడు. ఆయనను అందరూ అబూ నాసర్ అంటారట. అంటే నాసర్ నాయిన అని, మన దగ్గర పద్మ బాపు అన్నట్టే. బాపుకు జ్వరం వస్తే మంచం పక్కన కూర్చుని తన చేత్తో జావ తాగించాడట. పొద్దుగూకే వేళ బాపును పిలిచి మీ ఊరి వాన గురించి చెప్పమని అడిగేవాడట. కోమటి చెరువు అలుగు పోయడం గురించి ఎన్నిసార్లు విన్నా ఆయనకు తనివి తీరేది కాదట.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు బాపు రంగుల టీవీ, వీసీఆర్ తెచ్చాడు. వాడలో అదే మొదటిది. ఆదివారం వచ్చిందంటే చాపలు, గోనెసంచులు చంకన పెట్టుకుని వాడంతా మా ఇంటికి వచ్చేది. పుట్నాలు నములుతూ, బజారు నుంచి కిరాయికి తెచ్చిన సినిమాలు ఒకదాని వెనక ఒకటి చూసేవాళ్ళం. ఆ సినిమాల్లో అరబ్బు ఎప్పుడూ ఒక్కడే. పేరు మారేది, మనిషి మారేవాడు కాదు. తెల్లటి పొడవాటి అంగీ, తలమీద గుడ్డ, నల్లద్దాలు, బంగారపు పన్ను, వేళ్ళనిండా ఉంగరాలు; ఆడపిల్లను తేరిపార చూసి పగలబడి నవ్వుతాడు. అతడికి తల్లీ చెల్లీ ఉండరు, జ్వరం రాదు, వాన మీద ఆశ ఉండదు. వాడ మలుపులో చాయ్ హోటలు నడిపే సత్తయ్య మామ పొద్దున్నే పేపరు గట్టిగా చదివేవాడు. పేదింటి పిల్లలను పెళ్ళి పేరుతో కొనుక్కుపోయే ముసలి షేకుల వార్త వస్తే రెండుసార్లు చదివేవాడు. ఆ వార్తలు అబద్ధాలు కావు, ఆ పిల్లల ఏడుపూ అబద్ధం కాదు. కానీ ఆ దేశాల నుంచి మాకు వేరే వార్త ఏదీ వచ్చేది కాదు. పిల్లలం మేమొక ఆట కూడా కనిపెట్టాం. బాపు పెట్టెలోని గళ్ళ రుమాలు తలకు కట్టుకుని నేను షేకునయ్యేదాన్ని. నాకు దొరికిన పిల్ల అమ్ముడుపోయినట్టు. అవ్వ చూసి నవ్వేది. క్యాసెట్లో బాపు గొంతు విన్న చెవులతోనే నేను ఆ ఆట ఆడాను. ముసలాయన వేరు, షేకు వేరు అనుకున్నాను కాబోలు.

బాపు రెండోసారి వచ్చింది బతుకమ్మ నెలలో. అప్పటికి అక్క గొల్లభామ బొమ్మల చీర నేయడం నేర్చింది, చిన్నకోడూరు సంబంధం ఖాయమైంది. సద్దుల బతుకమ్మ రెండు రోజులుందనగా, నడింట్లో తంగేడు, గునుగు పూలు కుప్పపోసి ఉన్నాయి. వేయించిన నువ్వుల వాసన ఇల్లంతా పరుచుకుని ఉంది. అవ్వ రొట్టెలు చిదిమి, బెల్లమూ నెయ్యీ వేసి మలీద ముద్దలు కడుతోంది. పెద్దమనిషి ఒకాయన వస్తాడని మాత్రం చెప్పి బాపు పొద్దున్నే హైదరాబాదు పోయాడు. మధ్యాహ్నానికి ఒక తెల్ల కారు మా ఇంటి ముందు ఆగింది. అందులోంచి బాపు చెయ్యి పట్టుకుని, కర్ర ఊతంగా ఒక మనిషి దిగాడు. తెల్లటి పొడవాటి అంగీ, తలమీద గుడ్డ, నల్లద్దాలు.

ఆయనే క్యాసెట్లలోని ముసలాయన అనీ, చూపు పోతోందనీ, ఆపరేషనుకు హైదరాబాదు వచ్చాడనీ, ఉన్న చూపు పోయేలోపు బాపు చెప్పిన ఊరును, మగ్గాన్ని చూడాలని ఆయనే అడిగాడనీ, ఆ నల్లద్దాలు దవాఖాన వాళ్ళు పెట్టినవనీ తర్వాత తెలిసింది. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. బట్టల్లోంచి ఆ అగరు వాసన వస్తోంది. బాపు లోపలికి తొంగిచూసి నన్నడిగాడు.

"పద్మ ఏదే? ఈయనకు జర సూపియ్యాలె."

నేయడం చూపించాలని బాపు ఉద్దేశం. నాకు అలా వినిపించలేదు. మగ్గం అర్రలోకి ఉరికి అక్కతో చెప్పాను. "అక్కా, షేకు వచ్చిండు. బాపు ఆయనకు నిన్ను సూపిస్తడట." అక్క మొహం తెల్లబోయింది. నన్ను బయటికి తోసి లోపల గడియ పెట్టుకుంది. నేను పెరటి దారిన సత్తయ్య మామ హోటలుకు పరుగెత్తాను.

"మామా, మా అక్కను కొనుక్కపోను షేకు వచ్చిండు."

తిరిగి వచ్చేసరికి మా వాకిలి నిండిపోయింది. ఆదివారాలు మా ఇంట్లో చాపలు పరుచుకున్న మనుషులే. ముసలాయన ఒళ్ళో అక్క నేసిన పాత చీర ఉంది. దాని మీది గొల్లభామను కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, ఆమె తలమీది కుండను వేలితో తడుముతున్నాడు. సత్తయ్య మామ బాపు అంగీ పట్టుకున్నాడు.

"కన్నబిడ్డను అమ్ముకునే గతి పట్టిందారా నీకు?"

"గదేం మాటనే సత్తన్నా. ఈయన నాకు తండ్రసొంటోడు. కండ్లు కనపడయి. మగ్గం సూస్తనని వచ్చిండు" అన్నాడు బాపు.

"మేం సినిమాలల్ల సూడలేదా గీళ్ళను" అన్నారెవరో వెనక నుంచి.

ముసలాయన తలెత్తి బాపును ఏదో అడిగాడు. బాపు ఆయన భాషలోనే ఏదో చెప్పాడు. ఆ జవాబేమిటో ఏళ్ళ తర్వాత అవ్వ చెప్పింది. నిన్ను చూడాలనే అందరూ వచ్చారు, సంతోషపడుతున్నారు అన్నాడట. ముసలాయన మెల్లగా లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆ గుంపుకు తల వంచి సలాం చేశాడు. అప్పుడే ఒక చెప్పు వచ్చి ఆయన దవడకు తగిలింది. అద్దాలు ఊడి కింద పడ్డాయి.

బాపు ఆయనను తన ఒంటితో కప్పుకుని కారు దాకా తీసుకుపోయాడు. అవ్వ మలీద ముద్దల పళ్ళెం పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది.

వారం తిరగకముందే చిన్నకోడూరు వాళ్ళు, షేకు చూసిపోయిన పిల్ల మాకొద్దని కబురు పంపారు. బాపు మళ్ళీ కువైట్ పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోవాలని అవ్వతో అన్నాడట. ఏడాది గడిచాక అక్కడ యుద్ధం వచ్చింది. పోకుండా మంచి పని చేశావని బాపును వాడంతా మెచ్చుకుంది. టీవీలో చీకటి ఆకాశం మీద మెరుపులు దూసుకుపోతుంటే మళ్ళీ మా ఇంట్లోనే చాపలు పరుచుకుని చూశారు. దీపావళి లెక్క ఉందని పిల్లలు చప్పట్లు కొట్టారు. బాపు తెరకు జానెడు దూరంలో కూర్చుని, తెలిసిన ఇల్లో, ఖర్జూరపు చెట్టో కనిపిస్తుందేమోనని వెతికేవాడు. ఆ తెరమీద మనుషులే కనిపించేవాళ్ళు కాదు. ముసలాయన ఆపరేషను ఏమైందో, అసలు ఆయన బతికాడో లేదో మాకు ఎప్పటికీ తెలియలేదు.

ఆ తర్వాత అక్కను భివండిలో మరమగ్గాలు నడిపే, భార్య చనిపోయిన ఒక మనిషికి ఇచ్చారు. బాపు చనిపోయేదాకా మగ్గం మీదే వంగి బతికాడు. సత్తయ్య మామకు ఎవరు చెప్పారని ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్క పండుగకు వస్తే మాత్రం ఆమె కూర్చున్న చోటి నుంచి లేచి బయటికి పోయేవాడు. సంబంధం తప్పిందన్న బాధ అనుకునేదాన్ని.

మొన్న దవాఖాన నుంచి వచ్చాక ఉండబట్టలేక భివండికి ఫోన్ చేసి, వాడను పిలిచింది నేనేనని అక్కతో చెప్పేశాను.

"నువ్వేనని నాకు ఎరికేనే" అంది అక్క. "నువ్వు ఉరికినంక బాపు తలుపు కొట్టిండు. తియ్యి బిడ్డా అన్నడు. నన్ను అమ్మకు బాపూ అన్న. ఇగ కొట్టలే."

"గా సినిమాలు నేను గూడ సూసిన గదనే" అని కూడా అంది.

ఇప్పుడు ఆ వాడలో మగ్గం చప్పుడు లేదు. గుంటలు పూడ్చి గచ్చు చేశారు. మా ఇంటి జాగాలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. సత్తయ్య మామ లేడు, అవ్వ లేదు, తప్పైందని చెప్పుకోవడానికి బాపు లేడు. ఆ పెద్దాయనను నేను రెండు గజాల దూరంలో, పట్టపగలు, నా కళ్ళతో చూశాను. అద్దాలు ఊడినప్పుడు ఆ కళ్ళను కూడా చూశాను. ఇప్పుడు ఎంత వెతుక్కున్నా ఆ ముఖం గుర్తుకు రాదు. కళ్ళు మూసుకుంటే బంగారపు పన్నుతో పగలబడి నవ్వుతూ ఆ సినిమా మనిషే వస్తాడు.